రెండువందల పద్నాలుగు పేర్ల ఏబెల్

అఖ్సాకు తిరుపతిలో పీహెచ్‌డీ సీటు వచ్చిందన్న సంగతి శ్రీకాళహస్తిలో వాళ్ల వీధి మొత్తానికీ ఒక్క పూటలో తెలిసిపోయింది. వాళ్ల నాయన బుడేన్ సాహెబ్‌కు పరుపుల అంగడి ఉంది. దూది ఏకించుకోవడానికి వచ్చినవాళ్లకే కాదు, దిండు బేరమాడి కొనకుండా వెళ్లినవాళ్లకు కూడా ఆయన ఆ మాట చెప్పాడు. "దేంట్లో పీహెచ్‌డీ?" అని అడిగితే మాత్రం కొంచెం తడబడి, "కంప్యూటర్లో" అని దూది మీదికి వంగేవాడు.

మధ్యాహ్నం అన్నం దగ్గర కూతుర్నే అడిగాడు.

"పేర్ల మీద నాయనా," అంది అఖ్సా. "వెబ్‌సైట్లకు పేర్లుంటాయి గదా, వాటి మీద."

"ఆ పేర్లు ఎవురు పెట్టినారు?"

"ఎవరి అంగడికి వాళ్లే పెట్టుకుంటారు."

"పెట్టుకున్నోళ్లకు లేని తిప్పలు నీకు యాల మా?"

తల్లి దిల్షాద్ బీ నవ్వి, "సదువుకోనీ, ఊరికే కూసుంటాదా?" అని ఇంకో గరిటె పప్పు వేసింది. అఖ్సా కూడా నవ్వింది గానీ, నాయనకు అర్థమయ్యేలా చెప్పలేకపోయానే అన్న ముల్లు ఒకటి మనసులో మిగిలింది. ఇరవయ్యారేళ్ల పిల్ల. ఎంసీఏ చదివి రెండేళ్లు బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పింది. ఏడో తరగతి పిల్లలకు చెప్పగలిగిన మనిషి నాయనకు చెప్పలేకపోవడం ఏమిటి? తనకే సరిగ్గా తెలియదేమోనన్న అనుమానం ఆ రోజే మొదలైంది.

సంగతి నిజానికి చిన్నదే. ఒక లాడ్జికి వెబ్‌సైటు కావాలంటే ముందు దానికో పేరు తీసుకోవాలి. ఆ పేరును ఒక కంపెనీ దగ్గర నమోదు చేయించి, గడువు తీరినప్పుడల్లా డబ్బు కట్టాలి; కట్టకపోతే పేరు పోతుంది, ఇంకెవరైనా తీసుకోవచ్చు. నమోదు చేసేటప్పుడు మనిషి పేరు, చిరునామా, ఫోన్ నంబరు, ఈమెయిల్ ఇవ్వాలి. కొన్నేళ్ల కిందటి దాకా ఆ వివరాలన్నీ ఎవరడిగినా కనిపించేవి. తర్వాత తర్వాత వ్యక్తుల పేర్లు దాచిపెట్టడం మొదలైంది గానీ, పాత రికార్డుల నకళ్లు కొన్నిచోట్ల భద్రంగా ఉన్నాయి. పరిశోధన చేసేవాళ్లు అడిగితే ఇస్తారు. అట్లా అఖ్సా చేతికి తిరుపతి, చిత్తూరు చిరునామాలతో ఉన్న పదకొండు వేల రికార్డులు వచ్చాయి. ఈ ప్రాంతంలో చిన్న వ్యాపారాలు ఇంటర్నెట్టులోకి ఎప్పుడు, ఎట్లా వచ్చాయో వాటినుంచి తెలుసుకోవాలని ఆమె ఉద్దేశం.

గైడు నాగవేణి మేడం మొదటి రోజే ఒక మాట చెప్పింది. "లెక్కలు తర్వాత. ముందు ప్లాన్ రాసుకొని రా. ఏం తెలుసుకోవాలనుకుంటున్నావు, దానికి ఈ రికార్డు చాలుతుందా, ఈ రికార్డు చెప్పనిదేమిటి. ఈ మూడూ రాస్తే చాలు."

మూడే గదా అనుకుంది అఖ్సా. ఆరు నెలలు పట్టింది, అప్పటికీ కాలేదు.

రికార్డులు తెరిచిన మొదటి వారంలోనే ఊరి పేరు దగ్గర చిక్కుపడింది. ఇంగ్లీషులో తిరుపతిని జనం తొమ్మిది రకాలుగా రాశారు. చిత్తూరుకు ఐదు రకాలు. ఒకాయన ఊరి పేరు రాయాల్సిన చోట "అలిపిరి పక్కన" అని రాసి వదిలేశాడు. ఇంకొకరు సొంత పేరు రాయాల్సిన చోట "ఓనర్" అని రాశారు. తేదీలు ఇంకో తలనొప్పి. పలమనేరులో ఒక మిఠాయి అంగడి పేరు రెండువేల తొమ్మిదిలో నమోదైంది. మూడేళ్లకు గడువు తీరి పోయింది. మళ్లీ నాలుగేళ్లకు అదే పేరును ఎక్కడో విదేశంలో ఎవరో తీసుకున్నారు. మరి ఆ అంగడి ఇంటర్నెట్టులోకి వచ్చింది తొమ్మిదిలోనా, పదహారులోనా? రెండోసారి వచ్చింది అసలు ఆ అంగడేనా? పేరును లెక్కపెట్టాలా, మనిషిని లెక్కపెట్టాలా, అంగడిని లెక్కపెట్టాలా?

పొద్దున ఒక ప్లాన్ రాసేది. సాయంత్రానికి దాన్ని తనే కొట్టేసేది. హాస్టల్లో పక్కగది అమ్మాయి, "నీ ప్లాన్ ఎందాకా వచ్చింది?" అంటే, "మొదటి పేజీ దాకా పదకొండు సార్లు వచ్చింది," అని చెప్పేది. ఆదివారాలు ఇంటికి వెళ్తే బుడేన్ సాహెబ్ ఆమె ముఖం చూసి ఇంకేం అడిగేవాడు కాదు.

ఆ గందరగోళంలో ఆమెకు ఒక్కటే గట్టిగా దొరికింది. అది ఒక మనిషి పేరు.

ఎన్. ఏబెల్, గ్రీమ్స్‌పేట, చిత్తూరు. ఒకే ఫోన్ నంబరు, ఒకే ఈమెయిల్. ఆ పేరు మీద రెండువందల పద్నాలుగు డొమైన్లు, అంటే వెబ్‌సైటు పేర్లు. తిరుపతి లాడ్జిలు, చిత్తూరు నగల అంగళ్లు, మామిడి రసం ఫ్యాక్టరీలు, స్కూళ్లు, ఒక చర్చి, రెండు కల్యాణ మండపాలు, చంద్రగిరిలో ఒక ట్రావెల్స్. జాబితాలో రెండో స్థానంలో ఉన్న మనిషికి పంతొమ్మిదే ఉన్నాయి. ఒక్క మనిషికి ఇన్ని పేర్లెందుకు? అఖ్సా చదివిన పుస్తకాల్లో దీనికి జవాబు సిద్ధంగా ఉంది. జనానికి అవసరమయ్యే పేర్లను ముందే పట్టి పెట్టుకొని తర్వాత అమ్ముకునేవాళ్లు ఉంటారు. వాళ్ల రికార్డులు సరిగ్గా ఇట్లాగే ఉంటాయి. ఆరు నెలల తర్వాత కాలికి మొదటిసారి నేల తగిలినట్టయింది.

మార్చిలో విభాగం వాళ్లు ఒక్కరోజు సెమినార్ పెట్టారు. విద్యార్థులు, అధ్యాపకులు కాక బయటినుంచి లాడ్జిలవాళ్లు, వ్యాపారులు ఓ ఇరవైమంది వచ్చారు. అఖ్సా పదిహేను నిమిషాలు మాట్లాడింది. "ఎక్కువ పేర్లు చేతిలో పెట్టుకున్న పదిమంది" అని ఒక స్లైడు పెట్టింది. అందులో పై వరసలో ఏబెల్ పేరు, పక్కన ఊరు, ఫోన్ నంబరు, రెండువందల పద్నాలుగు అన్న అంకె. నంబరు తీసెయ్యాలన్న ఆలోచనే రాలేదు. ఒకప్పుడు అందరికీ కనిపించిన రికార్డే గదా. "పేర్లు దాచిపెట్టుకొని అమ్ముకునేవాళ్ల రికార్డులు ఇట్లాగే ఉంటాయి. ఈయన కూడా అట్లాంటివారు కావచ్చు," అంది. ఆ "కావచ్చు" ఎవరి చెవినా పడలేదు. వెనక వరసల్లో సెల్‌ఫోన్లు లేచాయి. చప్పట్లు కూడా బాగానే కొట్టారు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆమె క్యాంటీన్‌లో ఉండగా ఫోన్ మోగింది. కొత్త నంబరు. ఎక్కడో చూసినట్టుంది గానీ వెంటనే తట్టలేదు.

"అఖ్సా అనే పాపేనామ్మా?"

"అవును సర్. మీరెవరు?"

"నా పేరు ఏబెల్. చిత్తూరు. నీ లిస్టులో మొదటోణ్ని."

అఖ్సా లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు.

"నిన్నటి నించి తొమ్మిదిమంది ఫోన్లు చేసినారమ్మా. పేర్లు అమ్ముతావంట గదా, ఎంత అని ఇద్దరు ముగ్గురు అడిగినారు. మా లాడ్జి పేరు నువ్వే మింగినావా దొంగనాయాలా అని ఒకాయన తిట్టినాడు. ఎవురో ఫోటో తీసి గ్రూపుల్లో ఏసినారంట. కింద నీ పేరు, నంబరు ఉండాది. నేనేం తప్పు సేసినానో నువ్వు సెప్తే ఇందామని సేసినా."

ఆ గొంతులో కోపం లేదు. అదే ఆమెను ఇంకా భయపెట్టింది.

"అది పబ్లిక్ డేటా సర్."

"అంటే?"

"అంటే... ఎవరైనా చూడొచ్చు సర్."

"సూడొచ్చులేమ్మా, కాదన్లా. నువ్వు సూసినావు. సూసి ఏం కనుక్కున్నావు?"

అఖ్సా ఏదో అనబోయేలోపే, "సరేలే, యాడన్నా పనిలో ఉండావేమో," అని ఆయనే పెట్టేశాడు.

ఆమె నేరుగా నాగవేణి మేడం గదికి వెళ్లి జరిగింది చెప్పింది. చెప్తున్నంతసేపూ తాను చేసింది తప్పా, ఒప్పా అన్నది తేలక మాటలు అటూ ఇటూ పోయాయి. రికార్డు అబద్ధం కాదు. ఆ పేరు ఉంది, ఆ నంబరు ఉంది. తాను కల్పించిందేమీ లేదు. అయినా ఒక మనిషిని ఎవరో దొంగ అని తిట్టారు.

మేడం కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టింది. "ఆ స్లైడు నువ్వు ముందురోజు నాకు పంపావు. నేను చూశాను. ఆ నంబరు నా కంటికీ ఆనలేదు. కాబట్టి దీంట్లో సగం నాది. ముందు సెమినార్‌కు వచ్చినవాళ్లందరికీ ఉత్తరం రాద్దాం, ఇద్దరి సంతకాలతో. తర్వాత నువ్వు చిత్తూరు వెళ్లు."

"వెళ్లి ఏం చెప్పాలి మేడం?"

"నాకూ తెలీదు. వెళ్లాక తెలుస్తుందేమో."

ఉత్తరం ఆ సాయంత్రమే పంపారు. ఇంటికి ఫోన్ చేస్తే బుడేన్ సాహెబ్ అంతా విని, "నేనూ వస్తా," అన్నాడు. శుక్రవారం నమాజు కాగానే అంగడికి తాళం వేసి తిరుపతి బస్టాండులో దిగాడు. చంకలో కాగితం చుట్టిన దిండు ఒకటి. బూరుగుదూది దిండు.

"ఇదెందుకు నాయనా?"

"తప్పు సేసినోళ్ల ఇంటికి ఉత్త సేతుల్తో పోతారా?"

"వాళ్లు కాదు నాయనా తప్పు చేసింది. మనం."

"అదే గదా సెప్తాండా. మనం సేసినాము గాబట్టే దిండు."

చిత్తూరు బస్సులో ఆయన ఆ దిండు ఒళ్లో పెట్టుకొని, దారి పొడుగునా కూతుర్ని ఒక్క ప్రశ్నా అడగలేదు. అఖ్సా కిటికీలోంచి మామిడి తోటలు చూస్తూ ఏం మాట్లాడాలో కూర్చుకుంది. పూతలపట్టు దాటేసరికి కూర్చుకున్నదంతా మరిచిపోయింది.

ఏబెల్ ఇంటి ముందు గదే ఆయన జిరాక్స్ అంగడి. రెండు మెషీన్లు, లామినేషన్ పెట్టె, గోడమీద బైబిల్ వాక్యం రాసిన క్యాలెండరు. యాభై ఏడేళ్ల మనిషి, పల్చటి జుట్టు, చొక్కా జేబులో నాలుగు పెన్నులు. "లోపలికి రా భాయ్," అని ముందు బుడేన్ సాహెబ్‌ను పిలిచి కుర్చీ వేశాడు. దిండు చూసి ఏం అనాలో తెలియక దాన్ని మెషీన్ మీద పెట్టాడు.

లోపలినుంచి వచ్చిన ఆయన భార్య ప్రసన్నకుమారి మాత్రం కూర్చోలేదు. గడప దగ్గరే నిలబడింది.

"ఈ పాపేనా?"

"ఈ పాపే," అన్నాడు ఏబెల్.

"సదువుకున్నదానివి," అంది ఆమె అఖ్సాతో. "ఆ కాయితంలో ఈయన నంబరు ఉండాది గదా. దాన్ని లోకానికంతా సూపించినావు. నువ్వు ఒక్కసారి ఆ నంబరుకు ఫోన్ సేసి, అయ్యా నువ్వెవురు అని అడిగుంటే ఏం పోయేది?"

అఖ్సాకు చెంపమీద కొట్టినట్టయింది. ఆరు నెలలు ఆ నంబరును ఆమె చూసింది. వరసలు పేర్చింది, పోల్చింది, లెక్కపెట్టింది. అది మోగే నంబరన్న సంగతి ఒక్కనాడూ తోచలేదు.

బుడేన్ సాహెబ్ లేచి చేతులు జోడించాడు. "తెలీక సేసింది బిడ్డ, మనసులో పెట్టుకోవద్దు తల్లీ."

"తెలీక కాదు నాయనా," అంది అఖ్సా. "చూడొచ్చు అని తెలుసు. అడగాలని తోచలేదు. తప్పు నాదే ఆంటీ."

ప్రసన్నకుమారి లోపలికి వెళ్లింది. టీ తెచ్చి మెషీన్ పక్కన పెట్టి, మళ్లీ గడప దగ్గరే నిలబడింది. పేరు బయటపడితే ఆమె ఎందుకంత భయపడుతుందో ఏబెల్ చెప్పాడు.

రెండువేల మూడులో ఆయన కోర్టు దగ్గర ఇంటర్నెట్ సెంటరు పెట్టాడు. పుస్తకం చూసి వెబ్‌సైట్లు తయారుచేయడం నేర్చుకున్నాడు. అప్పట్లో చిత్తూరులో ఆ పని చేసేవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది. "పేరు రిజిస్టర్ సెయ్యాలంటే ఈమెయిల్ కావాల. వీళ్లకు ఈమెయిల్ యాడుండాది? ఫ్యాక్టరీ ఓనర్లకే లేదు. పేరు, ఫోన్, ఈమెయిల్ ఏదన్నా ఖాళీగా వదిల్తే ఫారం ముందుకు పోదు. ఎవురు వచ్చినా నావే ఏసినా. నాకు సులువు, వాళ్లకు సులువు. ఇది తప్పని ఆ పొద్దు ఎవురూ సెప్పలా."

తర్వాత అందరి చేతుల్లోకి సెల్‌ఫోన్లు వచ్చాయి. వెబ్‌సైటు అవసరం ఎవరికీ కనబడలేదు. ఒక్కొక్కరే మానుకున్నారు. సెంటరు మూసేశాడు. ఇప్పుడు ఆయన చేతిలో బతికున్నవి తొమ్మిదే పేర్లు.

"మూడేండ్ల కిందట, అట్లా వదిలేసిన ఒక లాడ్జి పేరును ఎవురో మోసగాళ్లు తీసుకున్నారమ్మా. ఆ పేరుతో రూములు బుక్ సేస్తామని దుడ్లు కట్టించుకున్నారు. ఒక కుటుంబం ముసిలోళ్లతో, పసిబిడ్డతో వచ్చి దిగితే ఆడ రూమూ లేదు, ఏమీ లేదు. కంప్లయింట్ ఇచ్చినారు. పోలీసులు ఎతికితే పాత రికార్డులో నా పేరు దొరికింది. పొద్దన పోయిన మనిషిని సాయంత్రం దాకా కూసోబెట్టినారు. ఈమె బయట బెంచీ మీద. పేరు నాదే సార్, లాడ్జి నాది కాదు అంటే ఎవురికి అర్థమవుతాది? కడాకు ఒక ఇన్‌స్పెక్టరు తేదీలు సూసి, నువ్వు పో అన్నాడు."

అఖ్సా తన ల్యాప్‌టాప్ తెరిచి ఆ లాడ్జి పేరు వెతికింది. ఉంది. ఏబెల్ పేరుతోనే ఉంది. ఆ తర్వాతి రికార్డులో యజమాని పేరు దాచిపెట్టి ఉంది. అసలైన దొంగ కనిపించడు, పనిచేసి పెట్టిన మనిషి కనిపిస్తాడు. ఆమె పట్టికలో ఇద్దరికీ చెరొక వరస ఉంది, తేడా ఏమీ లేదు.

తనను తిట్టినాయన నంబరు ఏబెల్ దగ్గర ఉంది. అఖ్సా అక్కడే కూర్చొని ఆయనకు ఫోన్ చేసింది. తాను సెమినార్‌లో మాట్లాడిన మనిషినని, తన తప్పని, ఏబెల్ గారు ఎవరి పేరూ మింగలేదని చెప్పింది.

"అట్లయితే మా లాడ్జి పేరు ఇప్పుడు ఎవురి దగ్గర ఉండాది?" అని అడిగాడు ఆయన.

ఆమె చూసింది. "ఎవరి దగ్గరా లేదు సర్. రెండువేల పద్నాలుగులో గడువు తీరిపోయింది. మీరు మళ్లీ కట్టలేదు."

"ఎవురి దగ్గరా లేకుండా యాడుంటాది? గాల్లోనా?"

అఖ్సా ఏబెల్ వైపు చూసింది. ఏబెల్ భుజాలెగరేశాడు. "ఒకరకంగా గాల్లోనే సర్," అంది ఆమె. ఆయన మళ్లీ తిట్టబోయి ఏమనుకున్నాడో నవ్వాడు. ఏబెల్‌కు సారీ చెప్తానని చెప్పాడు గానీ, చెప్పలేదు.

తిరుపతి వెళ్లాక పదకొండు ప్లాన్లనూ పక్కన పెట్టింది. ఇంకోటి రాసింది. పదకొండు వేలలోంచి చీట్లు తీసినట్టు అరవై పేర్లు తీయాలి. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లాలి. రికార్డులో ఉన్న మనిషి, అంగడి నడిపే మనిషి ఒకరేనా అని అడగాలి. రికార్డు ఎంత నిజం చెప్తుందో, ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో ముందు తేల్చాలి. మిగతాదంతా ఆ తర్వాత. నాగవేణి మేడం చదివి, "ఇది ప్లాన్‌లా ఉంది," అంది. ఆమె నోట అంతకన్నా పెద్ద మెచ్చుకోలు ఎవరూ వినలేదు.

చిత్తూరు వైపు చిరునామాలకు ఏబెల్ తానే తోడు వస్తానన్నాడు. మే, జూన్ నెలల్లో వారానికి రెండు రోజులు ఇద్దరూ ఆయన పాత స్కూటర్ మీదా, బస్సుల్లోనూ తిరిగారు. తేలిగ్గా అయిపోతుందనుకున్న పని రోజురోజుకూ మరింత తికమక పెట్టింది. ఒక నగల అంగడి యజమాని చనిపోయాడు. కొడుకుకు వెబ్‌సైటు ఉండేదన్న సంగతే తెలియదు. కానీ పేరుకు డబ్బు మాత్రం ఏటేటా ఎవరో కడుతూనే ఉన్నారు. బడి అని రాసున్న చోట కల్యాణ మండపం ఉంది. పలమనేరులో మామిడి తాండ్ర చేసే ఒకావిడ వెబ్‌సైటు పేరు ఆమె అల్లుడి పేరు మీద ఉంది, ఆ అల్లుడితో నాలుగేళ్లుగా మాటల్లేవు. "ఆ పేరు నాదా, వానిదా?" అని ఆమె అఖ్సానే అడిగింది. అఖ్సా రాసుకున్న ప్రశ్నల్లో ఆమెను అడగాల్సినవి ఉన్నాయి గానీ, ఆమె అడిగిన దానికి చెప్పాల్సింది లేదు. అవును, కాదు అని రెండు గడులున్న ఆమె కాగితం మీద మూడో గడి ఒకటి చేత్తో గీసి "తెలీదు" అని రాసుకుంది. జూన్ ఆఖరుకు అరవైలో ఇరవై రెండు అవును, ఇరవై ఆరు కాదు, పన్నెండు తెలీదు.

ఒకరోజు బస్సులో ఏబెల్ ఉన్నట్టుండి, "రెండొందల పద్నాలుగు కాదమ్మా. ఇంకో నాలుగు మా ప్రసన్న పేరు మీద సేసినా. అప్పుడు నా ఈమెయిల్ పాస్‌వర్డ్ మర్సిపోయింటి," అన్నాడు. అఖ్సాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ నాలుగూ తన లెక్కలో వేరే మనిషివిగా ఉన్నాయి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు పేరు దగ్గరే వచ్చింది. మనుషుల వివరాలతో చేసే పరిశోధనకు నైతిక కమిటీ అనుమతి కావాలి. పేర్లన్నీ తీసేసి గుర్తులు పెట్టాలని ఆ కమిటీ నియమం. ఆ సంగతి చెప్పడానికి అఖ్సా జూలైలో గ్రీమ్స్‌పేట వెళ్లింది.

"మీ పేరు ఎక్కడా రాదు అంకుల్. మీకు సి-ఒకటి అని గుర్తు పెట్టినాము. ఇంక ఎవరూ ఫోన్ చేయరు."

ఏబెల్ జిరాక్స్ మెషీన్ మూత దించి ఆమె వైపు తిరిగాడు.

"తప్పు సెప్పేటప్పుడు నా పేరు రాసినావు. ఇప్పుడు నిజం సెప్పేటప్పుడు తీసేస్తావా?"

"మీ మంచికే అంకుల్..."

"ఈ జిల్లాలో ఇంటర్నెట్ అంటే ఏందో తెలీని పొద్దు ఆ పేర్లన్నీ నేను కట్టినానమ్మా. ఒక్కొక్కటి కూసోని, కనెక్షన్ తెగిపోతా వస్తా ఉంటే మళ్లీ మొదటి నించి నింపినా. సి-ఒకటి ఎవురు? వాడేం సేసినాడు?"

"తీసెయ్ పాపా," అంది ప్రసన్నకుమారి లోపలినుంచి. "ఆయన మాట ఇనొద్దు. పేరు వల్ల పడింది సాలు."

"నా పేరు గదా!"

"నీ పేరే. స్టేషన్ బయట బెంచీ మీద కూసున్నది నేను," అంటూ ఆమె గడప దగ్గరికి వచ్చింది.

భార్యాభర్తలిద్దరూ అఖ్సా వైపే చూశారు. ఇద్దరి మాటా న్యాయంగానే ఉంది. ఎవరి పక్కా మాట్లాడలేక, "మేడంను అడుగుతాను," అని లేచి వచ్చేసింది. తిరుగు బస్సులో ఆమెకు తనమీద తనకే చిరాకేసింది. మార్చిలో ఏమీ తెలియకపోయినా ఎంత ధైర్యంగా మాట్లాడింది! ఇప్పుడు ఇంత తెలిసి, ఒక పేరు ఉంచాలో తీయాలో చెప్పలేకపోతోంది.

నాగవేణి మేడం కమిటీ ఫారం తీసి ముందు పెట్టింది. దాంట్లో పేరు దాచాలా, చూపించాలా అని రెండే వరుసలున్నాయి. దాచమని భార్య, చూపించమని మనిషి అడిగితే ఏ వరుసలో టిక్కు పెట్టాలో అందులో లేదు. సెప్టెంబర్‌లో కమిటీ కూర్చున్నప్పుడు అఖ్సా ఈ సంగతి తానుగా బయటపెట్టింది. ముప్పావుగంట వాదించుకున్నారు. ఆయనకు ఆపద వస్తే ఎవరిది బాధ్యత అని ఒకరు. మనిషి తన పేరు ఉంచమంటే కాదనడానికి మనమెవరం అని ఇంకొకరు. చివరికి పట్టికల్లో గుర్తులే ఉండాలని, ఇంట్లో ఇద్దరూ ఒప్పుకొని సంతకం చేస్తే కృతజ్ఞతల పేజీలో పేరు పెట్టుకోవచ్చని తేల్చారు. అది తేల్చడమో, తప్పించుకోవడమో అఖ్సాకు తెలియలేదు.

కాగితం పట్టుకొని చిత్తూరు వెళ్లింది. ప్రసన్నకుమారి రెండుసార్లు చదివించుకుంది. "ఊరు పేరు ఉండగూడదు. నంబరు ఉండగూడదు. ఏబెల్ అని ఒక్క ముక్క. అంతే," అంది.

"ఉత్త ఏబెల్ అంటే ఎవురికి తెలుస్తాది? ఏబెల్‌లు శానామంది ఉండారు," అన్నాడు ఏబెల్.

"అందుకే."

ఆయన జేబులోంచి ఒక పెన్ను తీసి, అది పెట్టేసి ఇంకోటి తీశాడు. తర్వాత సంతకం పెట్టాడు. మనసు నిండా పెట్టలేదని అఖ్సాకు కనబడుతూనే ఉంది. దాని కింద ప్రసన్నకుమారి కూడా పెట్టింది. "అన్నం తిని పో," అని ఆవిడ మొదటిసారి అంది.

ప్లాన్‌కు అనుమతి వచ్చింది. ఇప్పుడు అరవై కాదు, ఆరువందల మందిని అడగాలి. అనుమతి కాగితం చేతికిస్తూ నాగవేణి మేడం, "ఇప్పుడు స్పష్టంగా ఉందా?" అని అడిగింది.

"లేదు మేడం. మొదట్లో కన్నా ఎక్కువ అయోమయంగా ఉంది."

"మరి మొదలుపెడతావా?"

"పెడతాను."

మర్నాడు పొద్దున హాస్టల్ మెట్లమీద కూర్చొని ఆమె జాబితాలో మొదటి నంబరుకు ఫోన్ చేసింది. నగరిలో చీరల వ్యాపారి ఎవరో. మూడుసార్లు మోగాక ఎత్తాడు.

"సర్, నా పేరు అఖ్సా. మీ నంబరు నాకు ఎక్కడ దొరికిందో ముందు చెప్తాను. మీకు ఇష్టం లేకుంటే పెట్టేయొచ్చు."

అవతలివైపు గిన్నెల చప్పుడు, ఎవరో నవ్వుతున్న చప్పుడు. "టిఫిన్ తింటాండా మా," అన్నాడు ఆ మనిషి. "పది నిమిషాలు తాళు, నేనే సేస్తా."

"సరే సర్," అని అఖ్సా ఫోన్ ఒళ్లో పెట్టుకొని కూర్చుంది.